అడగకుండా తీసుకున్న పద్యం

2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు న్యాయవాదుల నుంచి నోటీసు అందింది. ఇళయరాజా స్వరపరిచిన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని దాని సారాంశం. బాలు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో తానే వెల్లడించి, ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదనీ, చట్టం చట్టమే కనుక ఇకమీదట ఆ పాటలు పాడననీ రాశారు. నెల్లూరులో చాలా రోజులు ఇదే చర్చ. తిప్పరాజువారి వీధిలో ఇల్లున్న మన బాలు, తన గొంతుతో ఊరూరా తిరిగిన పాటను తాను పాడటానికి ఇంకొకరిని అడగాలా అని జనానికి కోపం వచ్చింది.

ఇళయరాజా అడిగినదాంట్లో అన్యాయం లేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అవి టిక్కెట్లు పెట్టి చేసిన కచేరీలు. అలాంటి చోట హాలు వారికి అద్దె ముడుతుంది, దీపాలు వేసినవారికి కూలి ముడుతుంది, వాద్యకారులకు పారితోషికం ముడుతుంది. బాణీ పుట్టించిన మనిషికి మాత్రం ఏమీ ముట్టనక్కర్లేదని ఎలా అంటాం? అనుమతి తీసుకునే బాధ్యత గాయకుడిది కాదు, నిర్వాహకులది అనవచ్చు, ఒప్పుకుంటాను. దశాబ్దాల స్నేహితుడికి వకీలు కాగితం పంపే బదులు ఒక ఫోను చేసి ఉండవచ్చు అనవచ్చు, అదీ నిజమే. 2019లో చెన్నైలో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు, సంతోషం. అయినా ఆ గొడవ లేవనెత్తిన ప్రశ్న తీరిపోలేదు. పాట వల్ల డబ్బు పుట్టినప్పుడు దాన్ని తయారు చేసినవారిని ఎవరైనా అడిగారా?

సంగీతం పంచుకోవడం గురించీ, పైరసీ గురించీ, కాపీరైటు గురించీ నా అభిప్రాయాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. చట్టాన్ని అమలు చేయించే కంపెనీలు దీన్ని అడగవు. అంతా ఉచితంగా దొరకాలనేవారూ అడగరు. నాకు ఇద్దరి మీదా కోపం ఉంది.

ఎనభైల్లో నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ ఊరి బజారులో చూసినా ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. కావలసిన పాటల పేర్లు తెల్లకాగితం మీద రాసి ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇచ్చి వస్తే, రెండు మూడు రోజులకు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాలదా, తొంభై నిమిషాలదా అని అడిగేవారు. తొంభైలో టేపు పలచన, త్వరగా సాగుతుందని తెలిసినవారు అరవైదే కొనేవారు. కాపీరైటు చట్టం 1957 నాటిది కనుక డబ్బు తీసుకుని పాటలు ఎక్కించడం అప్పుడూ నేరమే. మరి ఆ నేరంలో నష్టపోయింది ఎవరు?

సినీ కవి ఆచార్య ఆత్రేయ మన పాత నెల్లూరు జిల్లా మనిషి. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు, 1989 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆ కాలంలో సినిమా పాటకు నిర్మాత ఇచ్చేది ఒక్కసారి ఇచ్చేశాక, ఆ పాట రికార్డుగా అమ్ముడైనా, క్యాసెట్‌గా అమ్ముడైనా, రేడియోలో మోగినా కవికి సాధారణంగా వచ్చేది ఏమీ లేదు. డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట చేర్చారు: పాడే మనిషికి చట్టంలో హక్కే లేకపోవడం బాధాకరమనీ, పార్లమెంటు ఆలోచించాలనీ. ప్రదర్శన ఇచ్చే కళాకారుల హక్కు 1994లో వచ్చింది. సినిమా పాట రాసినవారికి, స్వరపరిచినవారికి రాయల్టీ హక్కు రావడానికి 2012 దాకా పట్టింది. హిందీ సినీ కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో కూర్చుని పోరాడితే వచ్చిన సవరణ అది. సినిమా హాలు బయట పాట ఎక్కడ వాడినా రాయల్టీలో సమాన వాటా వారిదే. ఏ కాగితం మీద సంతకం చేయించుకున్నా ఆ వాటాను నిర్మాత గానీ ఆడియో కంపెనీ గానీ లాక్కోలేరు. 2023లో బొంబాయి హైకోర్టు, ఎఫ్.ఎం. రేడియోలు కూడా ఈ వాటా చెల్లించాల్సిందేనని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. 1985లో రికార్డింగ్ సెంటర్‌లో ఆత్రేయ పాట ఒకటి ఎక్కించుకుంటే ఆత్రేయ జేబులోంచి ఏమీ పోలేదు. అందులోంచి పోవలసినదాన్ని చట్టమూ పరిశ్రమా కలిసి ముందే తీసేసుకున్నాయి. ఆ రోజుల్లో కళాకారుల పేరు చెప్పి పైరసీ మీద విరుచుకుపడ్డవారు కళాకారులకు ఏం ఇచ్చారో కూడా చెప్పి ఉండవలసింది. కానీ ఇదే వాదనను ఇవాళ్టి పాటకు చెప్పడానికి వీల్లేదు. ఇప్పుడు కవికి వాటా ఉంది. కొత్త పాట విడుదలైన రోజే దొంగ వెబ్‌సైటు నుంచి దించుకుంటే, ఆ వాటాలో కొంత నిజంగానే పోతుంది. నెలకు ఒక భోజనం ఖర్చుతో, లేదా రెండు ప్రకటనలు భరిస్తే ఉచితంగానే, దాదాపు ప్రతి కొత్త పాటా వినగలిగిన రోజుల్లో దొంగ వెబ్‌సైటును సమర్థించే కారణం నాకు ఒక్కటీ కనబడదు.

చందా కట్టడంతో మన బాధ్యత తీరిందని మాత్రం అనుకోకూడదు. చాలా సేవల్లో మనం కట్టిన డబ్బు మనం విన్న పాటకు నేరుగా వెళ్ళదు. అందరి డబ్బూ ఒక చోట కుప్పపోసి, మొత్తం మీద ఏ పాట ఎన్నిసార్లు మోగిందో లెక్కగట్టి పంచుతారు. నెలంతా ఒక్క హరికథే విన్నా, నా చందాలో పెద్ద భాగం ఆ నెల ఊరంతా విన్న సినిమా పాటలకే పోతుంది.

ఇక శిక్షల సంగతి. అమెరికాలో 1999లో, ఒకరి కంప్యూటర్‌లోని పాటలు ఇంకొకరు దించుకునే నాప్‌స్టర్ అనే సేవ వచ్చింది, 2001లో కోర్టు దెబ్బకు మూతపడింది. ఆ తర్వాత అక్కడి రికార్డు కంపెనీల సంఘం 2003 నుంచి మామూలు శ్రోతల మీద కేసులు వేసింది. జామీ థామస్ అనే మహిళ 24 పాటలు పంచుకున్నందుకు 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. అంటే పాటకు 9,250 డాలర్లు. మళ్ళీ విచారణ జరిగితే ఆ మొత్తం పది లక్షల డాలర్లు దాటి పోయింది, చివరికి 2012లో అప్పీలు కోర్టు తిరిగి 2,22,000 దగ్గర నిలబెట్టింది. ఇలా మూకుమ్మడిగా శ్రోతల మీద కేసులు వేయడం ఆపేస్తున్నామని ఆ సంఘమే 2008 చివర్లో ప్రకటించింది. పాటలు చవకగా, సులువుగా దొరకడం మొదలయ్యాక జనం తమంతట తామే అటు నడిచారు.

మన దగ్గర శ్రోతల జోలికి పెద్దగా రాలేదు గానీ, చట్టంలో సెక్షన్ 63 ఉంది. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. 2022 మేలో సుప్రీంకోర్టు, ఇది పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని స్పష్టం చేసింది. బజారులో సెల్ షాపు పెట్టుకుని మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇరవయ్యో ముప్ఫయ్యో తీసుకునే కుర్రవాడి మెడ మీద ఈ కత్తి వేలాడుతుంది. అతను చేసేది తప్పే. అడగకుండా తీసుకున్నాడు, దాని మీద సంపాదించాడు. జరిమానా వేయండి, దుకాణానికి లైసెన్సు పద్ధతి పెట్టండి. జైలు ఎందుకు? ఆ కుర్రవాడిని జైల్లో పెడితే కవికి ఒక్క రూపాయి రాదు.

ఇప్పుడు రెండో వైపు వారితో మాట్లాడాలి. సంగీతం అందరిదీ, దానికి యజమాని ఏమిటి, త్యాగరాజు కాపీరైటు అడిగాడా అంటారు. త్యాగరాజు పూర్వీకుల ఊరు కాకర్ల, కంభం వైపుదని చెప్పుకుని గర్వపడే ప్రాంతం మనది. ఆయన కృతులు ఇవాళ మనకు మిగిలింది శిష్యులు రాసి పెట్టుకోబట్టే. వాలాజాపేట శిష్యులు ఒక దారిలో, ఉమయాళ్పురం వారు ఒక దారిలో, తిల్లైస్థానం వారు ఇంకొక దారిలో వాటిని కాపాడారు. రాసుకోవద్దని ఎవరైనా ఆపి ఉంటే మనకు చాలా నష్టం జరిగేది. ఇంతవరకు వారి మాట ఒప్పుకుంటాను. కానీ త్యాగరాజు ఉంఛవృత్తితో బతికారని మన పెద్దలు చెప్పేది కూడా గుర్తుంచుకోవాలి. వీధి వీధీ పాడుకుంటూ వెళ్తే గృహస్థులు బియ్యం పోశారు. పాట విన్న ఊరు ఆయనకు అన్నం పెట్టింది. కాపీరైటు లేదంటూ త్యాగరాజును ఉదాహరణగా చూపేవారు, తాము విన్న పాటకు ఏ గిన్నెలో బియ్యం పోశారో చెప్పాలి.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం పద్య నాటకాలది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్ళకు, దేవుడి కల్యాణాలకు రాత్రి పది దాటాక మొదలై తెల్లవారేదాకా సాగే నాటకాలు అనేకం జరిగేవి, ఇప్పటికీ కొన్ని జరుగుతున్నాయి. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఒకే పాత్రకు ఇద్దరు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ కొడతారు, జేబులోంచి నోటు తీసి చదివింపు ఇస్తారు, ఇచ్చినవారి పేరు మైకులో చదువుతారు. అభిమానులు స్టేజీ ముందు టేప్‌రికార్డరు పెట్టుకుని కూర్చుని రికార్డు చేసుకునేవారు. క్యాసెట్ తిప్పే లోపల పద్యంలో ఒక పాదం ఎగిరిపోయేది. ఆ క్యాసెట్లు ఇవాళ ఇళ్ళలో అటకల మీద, ఉప్పుగాలికి, తేమకు బూజు పట్టి ఉన్నాయి. కొంతకాలంగా నేను వాటిని సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. బూజు తుడవాలి, ఊడిపోయిన స్పాంజి ముక్క మార్చాలి, ఆ టేపు ఏ హెడ్డు (టేపు ఆనుకుని నడిచే భాగం) మీద రికార్డయిందో దానికి తగినట్టు మన హెడ్డు వాలు మరను చెవితో వింటూ సవరించాలి. అది కుదిరిన క్షణాన, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టున్న గొంతు ఒక్కసారిగా ఎదుటికొస్తుంది. ఆ గొంతుల యజమానుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఏ కంపెనీ వారిని రికార్డు చేయలేదు. ఈ ఒక్క టేపు పోతే అంతే.

తొంభైల మొదట్లో కనిగిరి వైపు ఒక ఊళ్ళో జరిగిన నాటకాన్ని, కళాకారుల కుటుంబాల అనుమతితో, ఒక పెద్ద వీడియో వేదిక మీద పెట్టాను. అందులో ప్రధానంగా ఉన్నవి తిరుపతి వెంకట కవుల ఉద్యోగ విజయాల పద్యాలు. కవులిద్దరిలో ఆలస్యంగా కన్నుమూసిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి 1950లో పోయారు. చివరి రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళు అన్న లెక్క ప్రకారం 2011 జనవరి 1 నుంచి ఆ పద్యాలు ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అయినా మూడు గంటల ఆ రికార్డింగు మొత్తాన్ని ఎవరూ వినకుండా ఆపేశారు. కారణం: నాటకం మొదలయ్యే ముందు మైకు సెట్టు అతను వేసిన సినిమా పాట ఒకటి ఆ టేపులో దూరంగా వినబడుతోంది. ధ్వని గుర్తులను పోల్చే యంత్రం దాన్ని పట్టుకుంది, దాని యజమాని తరఫున కంపెనీ ఆపమంది. నేను అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం న్యాయమైనదో కాదో మొదట తేల్చేది ఫిర్యాదు చేసిన కంపెనీయే!

ఇది మన చట్టం పోకడ కాదు. మన చట్టంలో సెక్షన్ 52 కింద, హక్కుదారు ఫిర్యాదు చేస్తే వేదిక 21 రోజులు ఆపాలి. ఆలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. రుజువు భారం అడిగినవాడి మీద ఉంచిన సరళమైన పద్ధతి. దాన్ని పక్కన పెట్టి, వేదికలూ కంపెనీలూ తమలో తాము రాసుకున్న నిబంధనలే ఇవాళ ఆచరణలో చట్టంగా చలామణి అవుతున్నాయి. 2018లో జేమ్స్ రోడ్స్ అనే పియానో కళాకారుడు ఇంట్లో తాను వాయించిన బాఖ్ సంగీతాన్ని ఫేస్‌బుక్‌లో పెడితే, అది తమదని సోనీ తరఫున యంత్రం ఆపేసింది. బాఖ్ పోయింది 1750లో. పేరున్నవాడు గనుక ఆయన గొంతెత్తితే వెనక్కి తగ్గారు. కనిగిరి కృష్ణుడికి అంత పేరు లేదు.

అదే సమయంలో ఇంకొకటి జరిగింది. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో ఉండే హార్మోనియం మాస్టారిని కలిశాను. ఆయన నాటక సమాజం ఆడిన నాటకాన్ని ఎవరో ఫోనుతో మొత్తం తీసి తమ చానెల్‌లో పెట్టుకున్నారు. బాగా చూశారు జనం.

“మాస్టారూ, మీ నాటకం చాలామంది చూశారని విన్నాను” అన్నాను.

“చూశారు బాబూ. పెట్టినతనికి డబ్బులు కూడా వచ్చాయట. ఈ ఏడాది మాకు పిలుపులు తగ్గాయి. ఫోనులో ఉంది కదా మాస్టారూ, రాత్రంతా ఎవరు కూర్చుంటారు అంటున్నారు” అన్నారు. కాసేపాగి, “నన్ను ఒక మాట అడిగితే కాదంటానా? సమాజం పేరు వేయమనేవాణ్ణి, తబలా అబ్బాయికి ఏమైనా ఇవ్వమనేవాణ్ణి” అన్నారు.

ఆ నాటకానికి యంత్రం అడ్డురాలేదు. చానెల్ నడిపిన మనిషి మొదట్లో మోగిన మైకు పాటను కత్తిరించి పెట్టాడు, అంతే. చట్టం మాస్టారి పక్షానే ఉంది. సెక్షన్ 38 కింద కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఉంది. ఎవరైనా సొంతంగా వినడానికి రికార్డు చేసుకుంటే తప్పు లేదు. కళాకారుడి సమ్మతి లేకుండా దాన్ని లోకానికి పంచి ప్రకటనల డబ్బు తీసుకోవడం ఉల్లంఘనే. ఆడియో కంపెనీకి తన పాట మీద ఉన్న హక్కు ఎంత గట్టిదో, మాస్టారికి తన ప్రదర్శన మీద ఉన్న హక్కూ అంతే గట్టిది. కానీ కంపెనీకి యంత్రం ఉంది, వకీళ్ళు ఉన్నారు, అవసరమైతే పోలీసులు వస్తారు. మాస్టారి హార్మోనియం ధ్వనిని గుర్తుపట్టే యంత్రం ఎవరూ పెట్టలేదు.

అందుకే “పంచుకోవడం దొంగతనమా” అని ఎవరైనా అడిగితే నేను ఎవరి పాట, ఎవరు పంచారు, ఎవరికి డబ్బు వచ్చింది అని తిరిగి అడుగుతాను. బజారులో దొరకని, యజమానే పట్టించుకోని పాత రికార్డును భద్రపరిచి నలుగురికీ వినిపించే మనిషిని నేను దొంగ అనలేను. హక్కు కాగితం బీరువాలో పెట్టుకుని అసలు టేపును పాడుచేసిన సంస్థకు ఆ మాట అనే యోగ్యత లేదు. బతికున్న కళాకారుడి కష్టాన్ని ఒక్క మాటైనా అడగకుండా తీసుకుని సంపాదించేవాడిని మాత్రం, అతను ఎంత సంగీతాభిమాని అయినా, ఆ మాట అనడానికి నాకు సంకోచం లేదు.

చట్టంలో కాలపరిమితులు కూడా మామూలు మనిషిని తికమక పెట్టేలా ఉన్నాయి. రికార్డు మీద హక్కు అది వెలువడిన తర్వాత 60 ఏళ్ళు. 1960లో వచ్చిన గ్రామఫోను రికార్డు 2021 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ అందులోని పాట మీద హక్కు రాసినవారు, స్వరపరిచినవారు పోయిన తర్వాత 60 ఏళ్ళు. ఘంటసాల 1974లో పోయారు కనుక ఆయన స్వరపరిచిన పాట మీద 2034 చివరిదాకా ఉంటుంది. ఆత్రేయ మాటల మీద 2049 చివరిదాకా. అప్పటికి టేపు మిగలదు. యజమాని ఎవరో తెలియని రచనకు అనుమతి ఇప్పించే సెక్షన్ 31ఎ ఉంది గానీ, దానికి దరఖాస్తులు, పత్రికా ప్రకటనలు, రుసుములు. నాలుగు క్యాసెట్లు చేతిలో పట్టుకున్న పల్లెటూరి మనిషికి అది దారి కాదు.

దారి ఒకటి ఉంది, దాన్ని ఎవరూ వాడటం లేదు. 2012 సవరణలో సెక్షన్ 52లో చేర్చిన ఒక చిన్న నిబంధన ప్రకారం, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర ఉన్న రచనను భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. షరతు ఒక్కటే, దాని డిజిటల్ కాని ప్రతి ఆ గ్రంథాలయం దగ్గర ముందే ఉండాలి. అంటే క్యాసెట్‌ను గ్రంథాలయానికి ఇచ్చేస్తే, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచడానికి ఏ కంపెనీనీ అడగనక్కర్లేదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉన్నాయి. ఒక గది, ఒక మంచి క్యాసెట్ డెక్కు, ఒక కంప్యూటర్, పని తెలిసిన ఒక మనిషి చాలు. నేను బాగుచేసిన టేపులన్నీ, ఎక్కించిన ఫైళ్ళతో సహా, వారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నానని రెండు చోట్లా రాసి ఇచ్చాను.

మీ ఇళ్ళలో ఇలాంటి క్యాసెట్లు ఉంటే పారేయకండి, ప్లేయరులో పెట్టి తిప్పి చూడకండి. బూజు పట్టిన టేపు అలా తెగిపోతుంది. నిలబెట్టి, పొడిగా ఉన్న చోట ఉంచండి. ఊరి పేరు, ఏ సంవత్సరం తిరునాళ్ళో, ఎవరు కృష్ణుడో, ఎవరు అర్జునుడో, హార్మోనియం ఎవరో గుర్తున్నవారిని అడిగి కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. పాడినవారు బతికుంటే వెళ్ళి కలవండి, లేకపోతే వారి పిల్లల్ని కలవండి, బయట పెట్టవచ్చా అని అడిగి ఆ జవాబు కూడా అదే కాగితం మీద సంతకంతో రాయించండి.